మీ ప్రశ్న - మా జవాబు: పోలీసు, ఫైర్ డిజిటల్ రేడియోలు వినే స్కానర్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రేడియో స్కానర్ల మీదే ఉన్నాయి. దసరాకు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు, అక్కడి నుంచి వస్తూ ఒకటి తెచ్చుకుందామనుకునేవాళ్లు అడిగినవి ఎక్కువ. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న (మిర్యాలగూడ): మా పెద్దోడు ఒహైయోల కొలంబస్ దగ్గర ఉంటడు. పోలీసు, ఫైరోళ్ల మాటలు వినే స్కానర్ కొంటనంటున్నడు. నూరు డాలర్లకూ ఉన్నయంట, ఏడు నూర్లకూ ఉన్నయంట. ఇంత తేడా ఎందుకు సార్? ఏది కొనమని చెప్పాలె?

జవాబు: నూరు డాలర్లకు వచ్చేవి అనలాగ్ స్కానర్లు. ఒహైయోలో మార్క్స్ అనే రాష్ట్రవ్యాప్త వ్యవస్థ ఉంది. అది 700, 800 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లలో పీ25 అనే డిజిటల్ పద్ధతిలో నడుస్తుంది. దాని మీద అనలాగ్ స్కానర్ పెడితే బర్రుమని మోత తప్ప మాట వినపడదు. పైగా అది ట్రంకింగ్ వ్యవస్థ. ఒక స్టేషన్‌కు ఒక ఫ్రీక్వెన్సీ అని ఖాయంగా ఉండదు.

ట్రంకింగ్‌ను నల్లగొండ బస్టాండుతో పోల్చుకోండి. దేవరకొండ బస్సు ఒకసారి మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ఇంకోసారి ఏడో దాని మీదికి. మైకులో చెప్పేది వింటేనే ఎటు పోవాలో తెలుస్తుంది. ఇక్కడ మైకు స్థానంలో కంట్రోల్ ఛానెల్ ఉంటుంది, ప్లాట్‌ఫారాల స్థానంలో ఫ్రీక్వెన్సీలు, దేవరకొండ ప్రయాణికుల స్థానంలో టాక్‌గ్రూప్, అంటే తమలో తాము మాట్లాడుకునే రేడియోల జట్టు. స్కానర్ కంట్రోల్ ఛానెల్‌ను విడవకుండా వింటూ, మీరు కోరిన టాక్‌గ్రూప్ ఏ ఫ్రీక్వెన్సీ మీదికి పోయిందో చూసి అక్కడికి దూకాలి. కంట్రోల్ ఛానెల్ సరిగ్గా అందకపోతే మిగతావన్నీ ఎంత బాగా అందినా లాభం లేదు.

కాబట్టి మోడల్ పేరు చూడకముందే మీ అబ్బాయిని రేడియో రిఫరెన్స్ వెబ్‌సైటులో తన కౌంటీ పేజీ తెరవమనండి. అక్కడ మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, వ్యవస్థ పీ25 ఫేజ్ 1 లో ఉందా, ఫేజ్ 2 లో ఉందా. ఫేజ్ 1 లో 12.5 కిలోహెర్ట్‌జ్ ఛానెల్‌లో ఒకే సంభాషణ నడుస్తుంది. ఫేజ్ 2 లో అదే ఛానెల్‌ను కాలంలో రెండు ముక్కలు చేసి రెండు సంభాషణలు నడుపుతారు. పాత డిజిటల్ స్కానర్లలో కొన్ని ఫేజ్ 1 దగ్గరే ఆగిపోయాయి. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చేవి ఎక్కువగా అవే.

రెండోది, టాక్‌గ్రూప్ పట్టికలో 'మోడ్' అనే గడి. అందులో 'డి' ఉంటే మామూలు డిజిటల్, 'టి' ఉంటే ఫేజ్ 2. ఆ అక్షరం పక్కన పెద్ద 'ఈ' అక్షరం ఉంటే అది ఎప్పుడూ ఎన్‌క్రిప్షన్‌లోనే (బయటివాళ్లకు అర్థం కాకుండా మాటకు తాళం వేసి పంపడం) ఉంటుంది, చిన్న 'ఈ' ఉంటే అప్పుడప్పుడు. తనకు కావాల్సిన పోలీసు గ్రూపులన్నింటికీ పెద్ద 'ఈ' కనపడితే ఏ స్కానరూ కొనవద్దని చెప్పండి. ఫైర్, అంబులెన్సు గ్రూపులు తెరిచి ఉండి, అవి చాలనుకుంటేనే కొనాలి. డబ్బు పెట్టాక బాధపడే వాళ్లలో ఎక్కువమంది ఈ గడి చూడనివాళ్లే.

మూడోది సైమల్‌కాస్ట్. ఆ పేజీలో సైట్ (అంటే టవర్లున్న చోటు) పేరులోనే ఆ మాట తరచూ రాసి ఉంటుంది. ధర నిర్ణయించేది కూడా ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. నగరం మొత్తానికి ఒకే ఫ్రీక్వెన్సీ చాలేలా ఐదారు టవర్ల నుంచి ఒకే మాటను ఒకే క్షణంలో పంపడాన్ని సైమల్‌కాస్ట్ అంటారు. పీ25 ఫేజ్ 1 సెకనుకు 4,800 గుర్తులు పంపుతుంది, అంటే ఒక్కో గుర్తుకు సుమారు 208 మైక్రోసెకన్లు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. మీకు ఒక టవర్ దగ్గరగా, ఇంకోటి దానికంటే 15 కిలోమీటర్లు దూరంగా ఉందనుకోండి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల అంత తేడా అన్నమాట. దూరపు సంకేతం 50 మైక్రోసెకన్లు ఆలస్యంగా వచ్చి, ఒక గుర్తులో దాదాపు నాలుగో వంతు మేర పక్క గుర్తు మీద పడుతుంది. మామూలు ఎఫ్‌ఎం రిసీవర్ లాగా పనిచేసే స్కానర్ ఈ కలగాపులగాన్ని విడదీయలేదు. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది.

యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్100 (చేతిలో పట్టుకునేది), ఎస్‌డీఎస్200 (బల్ల మీద లేదా కారులో పెట్టేది) లోపలి పనితీరు వేరు. అవి సంకేతం తీవ్రతతో పాటు తరంగం దశను (దీన్నీ ఫేజ్ అనే అంటారు, పీ25 ఫేజ్ 1, 2 కావు) కూడా నిలుపుకుని లెక్క కడతాయి. అందుకే సైమల్‌కాస్ట్‌లో తట్టుకుంటాయి. ఆరేడు వందల డాలర్ల ధర అందుకే. అదే కంపెనీ బీసీడీ436హెచ్‌పీ, విస్లర్ కంపెనీ టీఆర్‌ఎక్స్-1 కూడా ఫేజ్ 2 వింటాయి, కానీ సైమల్‌కాస్ట్‌లో తడబడతాయి. మీ అబ్బాయి ఇల్లు నగరంలో, సైమల్‌కాస్ట్ సైటు కింద ఉంటే ఎస్‌డీఎస్100 కొనమనండి. ఒకే టవర్ ఉన్న పల్లె కౌంటీలో ఉంటే అంత ఖర్చు అక్కర్లేదు.

ఇంకో ఖర్చు చాలామందికి ముందు తెలియదు. ఈ యూనిడెన్ స్కానర్లలో పీ25 దానంతటదే పనిచేస్తుంది కానీ డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే వేరే డిజిటల్ పద్ధతులకు విడిగా డబ్బు కట్టి కీ (వాటిని తెరిచే కోడ్) తీసుకోవాలి. ఆ కీ ఆ ఒక్క సెట్టు నంబరుకే ముడిపడి ఉంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్ సెట్టు కొంటే ఏ కీలు వేసి ఉన్నాయో మెనూలో చూసుకుంటే డబ్బు మిగులుతుంది. విస్లర్ టీఆర్‌ఎక్స్-1 డీఎంఆర్‌కు అదనంగా ఏమీ అడగదు.

కొన్నాక మొదటి పని సెంటినెల్ అనే విండోస్ ప్రోగ్రాం ఎక్కించి, డేటాబేస్, ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి ప్రోగ్రాం) రెండూ తాజా చేయడం. జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కల వ్యవస్థలన్నీ వచ్చేస్తాయి. అది మొదటి రోజుకు చాలు. తర్వాత తనకు కావాల్సిన సైటు, గ్రూపులతో చిన్న ఫేవరిట్ జాబితా చేసుకోమనండి. లేకపోతే స్కానర్ వినాల్సినవి వదిలేసి రోడ్లు ఊడ్చే వాళ్ల మాటలు వినిపిస్తూ ఉంటుంది. కారులో పెట్టుకుని పక్క రాష్ట్రాలకు పోయే ముందు చట్టం చూసుకోవాలి. ఒహైయో పక్కనే ఉన్న కెంటకీ, ఇండియానాల్లో వాహనంలో పోలీసు రేడియో వినే పరికరం మీద ఆంక్షలున్నాయి.

ప్రశ్న (జడ్చర్ల): మా తమ్ముడు అమెరికాలో వాడే బీసీడీ436హెచ్‌పీలో సిగ్నల్ ఫుల్‌గా చూపిస్తుంది, మాట మాత్రం రోబో మాట్లాడినట్టు తెగిపోతుంది. యాంటెన్నా పెద్దది పెడితే ఇంకా పాడైంది. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: పెద్ద యాంటెన్నాతో పాడైందంటే రోగం తెలిసినట్టే, పైన చెప్పిన సైమల్‌కాస్టే. యాంటెన్నా పెరిగే కొద్దీ ఎక్కువ టవర్లు వినిపిస్తాయి, కలగాపులగం పెరుగుతుంది. ఇక్కడ కావాల్సింది ఎక్కువ సిగ్నల్ కాదు, ఒక్క టవర్ సిగ్నల్.

ముందు ఖర్చు లేనివి చేయమనండి. సెట్టులోని అటెన్యుయేటర్ (వచ్చే సిగ్నల్‌ను తగ్గించేది) ఆన్ చేయాలి. యాంటెన్నాను తీసి, 800 మెగాహెర్ట్‌జ్‌కు సరిపడా సుమారు 9 సెంటీమీటర్ల పొట్టి యాంటెన్నా పెట్టాలి. సెట్టును దగ్గరి టవర్ వైపు కిటికీలో పెట్టి, మిగతా దిక్కులకు గోడ అడ్డం వచ్చేలా చూడాలి. ఒక్కోసారి బల్ల మీద ఒక జానెడు జరిపితేనే మారిపోతుంది, ఎందుకంటే 850 మెగాహెర్ట్‌జ్ దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లే. జరిపిన ప్రతిసారీ తెర మీద కంట్రోల్ ఛానెల్ తప్పుల లెక్క చూడాలి. సిగ్నల్ గీతలను నమ్మవద్దు. తప్పులు సున్నాకు దగ్గరగా నిలకడగా ఉన్న చోటే సరైన చోటు.

ఇవి చాలకపోతే 800 మెగాహెర్ట్‌జ్ యాగీ యాంటెన్నా కొని ఒకే టవర్ వైపు తిప్పాలి. బలమైన టవర్ వైపే తిప్పాలని లేదు. దాని వెనుక వేరే టవర్ ఏదీ లేని దిక్కు ఎంచుకోవాలి. ఇంట్లో ఒక చోట కూర్చుని వినేవాళ్లకు ఈ యాగీ బాగా పనికొస్తుంది. తిరుగుతూ వినాలంటే మాత్రం ఎస్‌డీఎస్100కు మారక తప్పదు.

ప్రశ్న (సూర్యాపేట): ఎన్‌క్రిప్షన్ ఉన్నవి కూడా వినిపించే యాప్, డీకోడర్ అంటూ వీడియోల్లో అమ్ముతున్నారు. నిజమేనా?

జవాబు: అబద్ధం. ఈ వ్యవస్థల్లో ఎక్కువగా వాడేది 256 బిట్ల ఏఈఎస్ అనే తాళం పద్ధతి. తాళంచెవిని రేడియోల్లోకి ప్రత్యేక పరికరంతో ఎక్కిస్తారు, అది గాలిలో ఎక్కడా తెరిచి ప్రయాణించదు. ఏడు వందల డాలర్ల స్కానరైనా అక్కడ 'ఎన్‌క్రిప్టెడ్' అని చూపించి ఊరుకుంటుంది. న్యూయార్క్ పోలీసులు 2023 నుంచి తమ ఛానెళ్లను ఇలా మూస్తూ వస్తున్నారు. ఆ యాప్‌లలో వినిపించేవి ఎవరో తెరిచి ఉన్న ఛానెల్‌ను విని ఇంటర్నెట్‌లో పెట్టిన ధారలు. అవి ఉచితంగానే దొరుకుతాయి.

ప్రశ్న (నల్లగొండ): రిటైరయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాను. నా ఎస్‌డీఎస్200 ఇక్కడికి తెచ్చుకుని మన పోలీసు, ఫైర్ సర్వీసు వాళ్లవి వినొచ్చా?

జవాబు: తేవద్దు, వినవద్దు. మన దేశంలో లెక్క తలకిందులు. అక్కడ నిషేధించినవి తప్ప మిగతావి వినొచ్చు. ఇక్కడ అనుమతి ఉన్నవే వినాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు అడిగింది, అది వినడానికి మాత్రమే పనికొచ్చేదైనా సరే. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమలులో ఉంది. సందేశాన్ని చట్టవిరుద్ధంగా అడ్డగించి వింటే 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రేడియో పరికరాల దిగుమతికి కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు సూట్‌కేసు తెరిచి ఇదేమిటని అడిగితే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

చట్టం సంగతి అలా ఉంచినా, ఆ సెట్టులోని డేటాబేస్ అమెరికా, కెనడాలది. జిప్ కోడ్‌తో నడిచే సౌకర్యం నల్లగొండలో ఎందుకూ పనికిరాదు. దాని అడాప్టర్ మీద ఇన్‌పుట్ 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. అక్కడే మంచి ధరకు అమ్మేసి రండి.

ప్రశ్న (నారాయణపేట): మా అన్న దుబాయ్‌ల ఉంటడు. అక్కడ ఎస్‌డీఎస్100 నడుస్తదా?

జవాబు: నడవదు. దుబాయ్‌లో ప్రభుత్వ భద్రతా విభాగాలకు నెదా అనే సంస్థ నడిపేది టెట్రా వ్యవస్థ. అది 25 కిలోహెర్ట్‌జ్‌లో నాలుగు సంభాషణలు నడిపే యూరప్ పద్ధతి. యూనిడెన్, విస్లర్ స్కానర్లు ఏవీ టెట్రాను విప్పవు. పరాయి దేశంలో బతుకుదెరువుకు పోయిన మనిషి అక్కడి పోలీసు రేడియో వినే ప్రయత్నమే చేయకూడదు. మీ అన్నకు గట్టిగా చెప్పండి.

ప్రశ్న (వనపర్తి, ఇంజనీరింగ్ విద్యార్థిని): ఆన్‌లైన్‌లో దొరికే బావోఫెంగ్ వాకీటాకీతో డిజిటల్ వినొచ్చా? లేదంటే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ మంచిదా? నాకు నేర్చుకోవడం ముఖ్యం, పోలీసు మాటలు కాదు.

జవాబు: బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనలాగ్ ఎఫ్‌ఎం సెట్టు, పీ25 ఏ మాత్రం విప్పలేదు. అంతకన్నా పెద్ద చిక్కు, అది పంపగలదు కూడా. పొరపాటున మీట నొక్కితే ఎవరి ఛానెల్ మీద పడతారో మీకు తెలియదు. లైసెన్సు లేకుండా వాడగలిగే చిన్న వాకీటాకీలకు మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ వరకే చోటిచ్చారు, అది కూడా అనుమతి పొందిన తక్కువ శక్తి సెట్లకే. ఆన్‌లైన్ అంగళ్లు ఇలాంటి సెట్లను వివరాలు లేకుండా అమ్ముతున్నాయని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులిచ్చింది.

నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) సరైన దారి, ముందు ఒక పని చేస్తే. అమెచ్యూర్ రేడియో, అంటే హ్యామ్, పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల మోర్స్ కావాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. శిక్షణ కావాలంటే హైదరాబాద్ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు చేతికొస్తే 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్ మీకు తెరుచుకుంటుంది. అక్కడ మీరు వినడమే కాదు, మాట్లాడతారు కూడా.

డాంగిల్ కొనేటప్పుడు 'టీసీఎక్స్‌ఓ' (వేడికి ఫ్రీక్వెన్సీ జరగకుండా సరిచేసిన స్ఫటికం) అని ఉన్నది తీసుకోండి. చవక డాంగిల్ స్ఫటికం పది లక్షలకు 50 వంతులు తప్పితే, 850 మెగాహెర్ట్‌జ్ దగ్గర అది 42 కిలోహెర్ట్‌జ్ పక్కకు పోయినట్టు, అంటే మూడు ఛానెళ్లు దాటిపోయింది. టీసీఎక్స్‌ఓ ఉంటే ఆ తప్పు ఒక కిలోహెర్ట్‌జ్ లోపే. ఒక డాంగిల్ ఒకసారికి సుమారు 2.4 మెగాహెర్ట్‌జ్ వెడల్పు మాత్రమే చూస్తుంది. అమెరికాలో వీటితో ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ట్రంకింగ్ వినే సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు రెండు మూడు డాంగిళ్లు పెట్టుకునేది అందుకే. కంట్రోల్ ఛానెల్ ఒక చోట, మాట 6 మెగాహెర్ట్‌జ్ అవతల ఉంటే ఒక్క డాంగిల్‌కు అందదు.

మీ డాబా మీద మొదటి ప్రయోగంగా రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియోర్ ఎం2-3, ఎం2-4 చిత్రాలు పట్టండి. 137.9 మెగాహెర్ట్‌జ్ దగ్గర పంపుతాయి (కొన్నిసార్లు 137.1). ఇవి ఎవరైనా అందుకోవడానికే వదిలే డిజిటల్ సంకేతాలు. పాఠాల్లో బాగా ప్రసిద్ధమైన నోవా-15, 18, 19 ఉపగ్రహాలను 2025లో ఆపేశారు, కాబట్టి పాత వీడియోలు చూసి వాటి కోసం వెతకవద్దు. 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, మధ్య కోణం 120 డిగ్రీలు, నేలకు సమాంతరంగా, వీ ఆకారం నోరు ఉత్తరానికో దక్షిణానికో. ఒక కడ్డీ కేబుల్ లోపలి తీగకు, రెండోది జాలీకి. సాట్‌డంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహం పేరు ఎంచుకుంటే చాలు. నడినెత్తి మీదుగా పోయే పాస్ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంటుంది. చిత్రం మధ్యలో నల్ల పట్టీలు వస్తే ఆ సేపు సంకేతం తగ్గిందని. గోడ, నీళ్ల ట్యాంకు అడ్డం ఉందేమో చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ రొద కూడా ఇదే పని చేస్తాయి. పాస్ అయ్యేవరకు ఇన్వర్టర్ ఆపి చూస్తే తేలిపోతుంది.

కేబుల్‌కు డిష్ టీవీ వాళ్ల దగ్గర దొరికే ఆర్‌జీ-6 వాడండి. అది 75 ఓముల కేబుల్, డాంగిల్ 50 ఓములది అని భయపడక్కర్లేదు, వినడానికి ఆ తేడా లెక్కలోది కాదు. సన్నటి ఆర్‌జీ-58 కన్నా ఇదే మేలు: 850 మెగాహెర్ట్‌జ్ దగ్గర 15 మీటర్ల ఆర్‌జీ-58 సుమారు 8 డెసిబెళ్లు తినేస్తుంది, అంటే ఆరో వంతు సంకేతమే మిగులుతుంది. అంతే పొడవు ఆర్‌జీ-6 సుమారు 3 డెసిబెళ్లతో సగం మిగులుస్తుంది. చివర కేబుల్ ఎఫ్ కనెక్టర్ నుంచి డాంగిల్‌కుండే ఎస్‌ఎంఏ కనెక్టర్‌కు మార్చే చిన్న ముక్క ఒకటి కావాలి.

ప్రశ్న (అలంపూర్): 2009 అక్టోబరుల తుంగభద్ర రాజోలిని ముంచింది మేం మరిచిపోలే. అధికారుల రేడియో వినే స్కానర్ ఊర్ల ఒకటుంటే ముందుగాల తెలుస్తది గదా?

జవాబు: మీ భయం నిజమైనది, కానీ స్కానర్ దానికి మందు కాదు. చట్టం ఒప్పుకోదన్నది ఒకటి. ఒప్పుకున్నా, రేడియోలో వినపడేది సగం సగం మాట. ఏ గేటు, ఎన్ని క్యూసెక్కులు, ఎప్పుడు అన్నది తెలియకుండా ఆ సగం మాట విని ఊరు పరుగెత్తితే అదే ప్రమాదం.

మీకు కావాల్సింది నీటిమట్టం లెక్క. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో తమ కేంద్రాల మట్టాలు, ప్రమాద స్థాయి, రాబోయే గంటల అంచనా కనిపిస్తాయి. కృష్ణ వైపుకు జూరాల, తుంగభద్ర వైపుకు సుంకేసుల నుంచి ఎంత వదులుతున్నారో రోజూ రాసి పెట్టుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే హెచ్చరికలు ఫోన్‌కే వస్తాయి. ఊరికి ఇద్దరి ఫోన్లలో, వేరు వేరు కంపెనీల సిమ్ములతో, ఈ రెండు యాప్‌లు ఉండాలి, రాత్రి పూట శబ్దం ఆపకుండా.

సెల్ టవర్లు కరెంటు పోయి ఆగితే పనికొచ్చేది హ్యామ్ రేడియో. ఊరి నుంచి ఇద్దరు పిల్లలను ఆ పరీక్ష రాయించండి. లైసెన్సు వచ్చాక 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే 144 మెగాహెర్ట్‌జ్ సెట్టు ఒకటి, గుడి శిఖరం కంటే ఎత్తుగా కాకపోయినా ఊళ్లో ఎత్తైన డాబా మీద 49 సెంటీమీటర్ల నిలువు తీగతో, కింద అంతే పొడవు నాలుగు తీగలు వాల్చి కట్టిన యాంటెన్నా ఒకటి. బ్యాటరీని నెలకోసారి ఛార్జి చేసి, వారానికోసారి పక్క ఊరి హ్యామ్‌తో మాట్లాడి చూసుకోవాలి. వానాకాలం మొదలయ్యే జూన్‌కు ముందే కేబుల్ జాయింట్లకు టేపు తీసి కొత్తది చుట్టండి, కేబుల్‌లోకి నీళ్లు దిగితే సెట్టు ఎంత మంచిదైనా మాట బయటికి పోదు.